డేటా సెంటర్ పక్కన వేలిముద్ర: పెద్దవాళ్లకు చదువు నేర్పడం ఎలా? 'ఉల్లాస్'లో మనమేం చేయొచ్చు?

రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలంలోని చందనవెల్లి పేరు కొన్నేళ్లుగా ఎక్కువగా పెట్టుబడుల వార్తల్లోనే వినిపిస్తోంది. వెల్‌స్పన్ ఫ్లోరింగ్ పరిశ్రమ ఇక్కడే ఉంది. హైదరాబాద్ చుట్టూ రూ.20,761 కోట్లతో డేటా సెంటర్లు పెడతామని అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2020 నవంబరులో ప్రకటించింది. అందుకు ఎంచుకున్న చోట్లలో చందనవెల్లి ఒకటి. ఒకప్పుడు పత్తి, జొన్న, కూరగాయలకు పేరున్న చేవెళ్ల, మొయినాబాద్, షాబాద్ ప్రాంతంలో ఇప్పుడు గేట్ పాసులు, హాజరు యాప్‌లు, భద్రతా హెచ్చరిక బోర్డులు రోజువారీ జీవితంలో భాగమయ్యాయి.

ఇవన్నీ చదవాల్సినవే. చదవడం రాని మనిషికి పొలంలో పెద్దగా అడ్డు రాని లోటు, ఫ్యాక్టరీ గేటు దగ్గర, బ్యాంకులో, తహసీల్దార్ ఆఫీసులో ప్రతిసారీ అడ్డొస్తుంది. పాస్‌బుక్‌లో విస్తీర్ణం ఎంత పడిందో, సంఘం లోన్‌లో ఎంత కట్టామో, ఏ కాగితం మీద వేలిముద్ర వేస్తున్నామో ఇంకొకరు చెప్తే నమ్మాల్సిందే.

15 ఏళ్లు దాటినవారికి చదువు నేర్పడానికి దేశంలో ఇప్పుడు అమల్లో ఉన్న కార్యక్రమం 'ఉల్లాస్'. ఇది దాదాపు పూర్తిగా స్వచ్ఛంద బోధకుల మీదే నడుస్తుంది. అంటే, ఈ కథనం చదువుతున్న మీలాంటి వారి మీద. మరి పెద్దవాళ్లకు అక్షరాలు ఎలా నేర్పాలి? పిల్లలకు నేర్పినట్టే నేర్పితే ఎందుకు కుదరదు? చూద్దాం.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి ఏంటి?

2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో అక్షరాస్యత సుమారు 66.5 శాతం. పురుషుల్లో 75 శాతం, మహిళల్లో 58 శాతం. ఆ తర్వాత జనాభా లెక్కలు లేవు కాబట్టి అంచనాలకు సర్వేలే ఆధారం. 2023-24 కార్మిక శక్తి సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) ప్రకారం ఏడేళ్లు దాటినవారిలో దేశ సగటు 80.9 శాతం ఉంటే, తెలంగాణ 76.9, ఆంధ్రప్రదేశ్ 72.6 శాతం దగ్గర ఉన్నాయి. ఆ సర్వేలో అన్ని రాష్ట్రాల కంటే కింద ఉన్నది ఆంధ్రప్రదేశే. బిహార్ కంటే కూడా వెనక.

ఐటీకి, ఇంజినీరింగ్ సీట్లకు పేరున్న రెండు రాష్ట్రాలు ఈ జాబితాలో అడుగున ఉండటానికి ప్రధాన కారణం ఇప్పటి పిల్లలు కాదు. చిన్నప్పుడు బడికి వెళ్లని, ఇప్పుడు 40, 50, 60 ఏళ్లున్న తరం. వాళ్లలో మహిళలే ఎక్కువ. బడులు ఎంత బాగుపడినా ఈ లెక్క మారదు. పెద్దవాళ్లకు విడిగా నేర్పితేనే మారుతుంది.

'ఉల్లాస్' ఎలా పనిచేస్తుంది?

దీని అధికారిక పేరు 'నవ భారత సాక్షరతా కార్యక్రమం'. 2022-23 నుంచి 2026-27 వరకు ఐదేళ్ల పథకం. మొత్తం కేటాయింపు రూ.1,037.90 కోట్లు. ఇందులో కేంద్రం వాటా రూ.700 కోట్లు, మిగతాది రాష్ట్రాలది. ఏడాదికి కోటి మంది చొప్పున ఐదు కోట్ల మందికి చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలన్నది లక్ష్యం. తెలంగాణలో మహిళా సంఘాల సభ్యులను దృష్టిలో పెట్టుకుని 'అమ్మకు అక్షరమాల' పేరుతో దీన్ని చేపట్టారు.

నేర్చుకునేవారి పేరు, నేర్పేవారి పేరు ఉల్లాస్ యాప్‌లో నమోదు చేస్తారు. పాఠాలు మొబైల్‌లో దొరుకుతాయి. నేర్చుకున్నాక పరీక్ష ఉంటుంది. చదవడం, రాయడం, లెక్కలకు 50 చొప్పున మొత్తం 150 మార్కులు. ఒక్కోదాంట్లో 33 శాతం వస్తే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) సర్టిఫికెట్ ఇస్తుంది. ఆపై చదవాలనుకునేవారికి తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పదో తరగతి వరకు దారి ఉంది.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. రూ.1,037.90 కోట్లను ఐదు కోట్ల మందికి పంచితే ఒక్కొక్కరికి దాదాపు రూ.208. ఒక మనిషికి చదువు చెప్పడానికి మొత్తం ఖర్చు ఇది. దీనికి ముందు 2009 నుంచి 2018 వరకు నడిచిన 'సాక్షర భారత్'లో పంచాయతీకి ఇద్దరు ప్రేరక్‌లు ఉండేవారు, నెలకు రూ.2,000 గౌరవ వేతనం ఇచ్చేవారు. అదే తక్కువనుకుంటే, ఇప్పుడు అదీ లేదు. విద్యార్థులు, టీచర్లు, రిటైర్ అయినవారు, సంఘాల్లో చదువుకున్న మహిళలు ఉచితంగా నేర్పాలి. కాబట్టి ఈ పథకం ఫలితం డబ్బు కంటే నేర్పే మనిషి చేతిలోనే ఎక్కువగా ఉంది. ఆ మనిషికి నేర్పే పద్ధతి తెలియకపోతే నాలుగో రోజు నుంచి ఎవరూ రారు.

ఎంత కాలం పడుతుంది?

1988లో మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్ మూడు వాచకాలు, సుమారు 200 గంటల బోధన అని లెక్క వేసింది. నిమిషానికి 30 పదాలు పైకి చదవడం, 7 పదాలు చూసి రాయడం, 5 పదాలు విని రాయడం, 100 వరకు అంకెలు రావడం అప్పటి కొలమానాలు.

ఇంతకంటే వేగంగా చేయొచ్చని చూపిన ప్రయోగం కూడా మన దగ్గరే జరిగింది. టీసీఎస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఎఫ్.సి. కోహ్లీ చొరవతో 2000లో అప్పటి మెదక్ జిల్లా బీరంగూడలో కంప్యూటర్ ఆధారిత అక్షరాస్యత మొదలైంది. వర్ణమాల వరుసతో కాకుండా పదాల బొమ్మలతో, గొంతుతో నేర్పారు. 40 నుంచి 50 గంటల్లో చదవడం వచ్చేలా దాన్ని రూపొందించారు. అంతకు చాలా ముందే, 1963లో బ్రెజిల్‌లోని ఆంజికోస్‌లో పాలో ఫ్రేరే 300 మంది కూలీలకు 40 గంటల్లో నేర్పే పద్ధతిని ప్రయత్నించి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు.

రెండు లెక్కలూ నిజమే. 40 గంటలతో తెలిసిన పదాలు గుర్తుపట్టడం వస్తుంది. తెలియని కాగితం సొంతంగా చదివి అర్థం చేసుకోవాలంటే 200 గంటలకు దగ్గరగా సాధన కావాలి. రోజుకు గంట, వారానికి ఐదు రోజులైతే 40 వారాలు. పత్తి ఏరే రోజులు, పెళ్లిళ్లు, పండుగలు తీసేస్తే ఏడాది. మొదలుపెట్టే ముందే ఈ మాట ఇద్దరూ అనుకుంటే మధ్యలో నిరాశ ఉండదు.

అ, ఆలతో ఎందుకు మొదలుపెట్టకూడదు?

వర్ణమాల మొత్తం, ఆపై గుణింతాలు, ఆపై ఒత్తులు. పిల్లలకు ఈ వరుస నడుస్తుంది. ఎందుకంటే వాళ్లకు పదేళ్ల బడి ఉంది. పెద్దవాళ్లకు మొదటి వారంలోనే ఏదో ఒకటి చదివామన్న తృప్తి కావాలి. ఋ, ఙ, ఞ లాంటి అక్షరాలతో ఆ తృప్తి రాదు.

అందుకే వాళ్ల నోట్లో ఉన్న పదంతో మొదలుపెట్టాలి. ఉదాహరణకు 'కూలి'. ముందు దాని గురించి మాట్లాడండి. ఇప్పుడు కూలి ఎంత? ఆడవాళ్లకు ఎంత, మగవాళ్లకు ఎంత? పనిచేసిన రోజులు ఎవరు రాసిపెడతారు? తర్వాత పదాన్ని పెద్దగా రాసి చూపండి. రెండు ముక్కలు చేయండి: కూ, లి. అక్కడి నుంచి రెండు వరుసలు రాయండి: క, కా, కి, కీ, కు, కూ, ల, లా, లి, లీ, లు, లూ.

ఇప్పుడు ఈ ముక్కల్ని కలిపి కొత్త పదాలు చేయమనండి. కల, కాలు, కాకి, కీలు, కలలు వస్తాయి. ఏత్వం, ఓత్వం చేరిస్తే లేక, కేక, కోక, కిలో. సున్న చేరిస్తే కలం, కాలం, కులం, లోకం, కంకి. రెండు హల్లులతో పదమూడు, పద్నాలుగు పదాలు. తెలుగు లిపికి ఉన్న పెద్ద సౌకర్యం ఇదే. రాసినట్టే చదువుతాం. ఒక గుణింతం గుర్తు తెలిస్తే అది దాదాపు అన్ని హల్లుల మీదా అదే పని చేస్తుంది.

తర్వాతి పదాలు కూడా జీవితంలోంచే తీసుకోండి: ధర, పని, గుంట, బియ్యం, బస్సు, ఊరి పేరు, ఇంట్లో వాళ్ల పేర్లు.

తెలుగు లిపిలో ఎక్కడ తడబడతారు?

మొదటిది, ఒకేలా కనిపించే అక్షరాలు. ప, వ, ష, మ, య, డ, ద, బ, భ. వీటిని ఒకే రోజు నేర్పొద్దు. ఒకటి బాగా స్థిరపడ్డాక, కనీసం వారం తర్వాత రెండోది తీసుకోండి. అప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో వాళ్లనే వేలితో చూపమనండి.

రెండోది, ఒత్తులు. అక్షరం కింద అదే అక్షరం వచ్చే పదాలతో మొదలుపెట్టడం తేలిక: అమ్మ, అక్క, బస్సు, బియ్యం. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరానికి దూరంగా ఉంటాయి. వాటిని కొత్త అక్షరాలుగానే భావించి విడిగా సమయం ఇవ్వండి. 'చందనవెల్లి'లో 'ల్లి' ఉంది, 'చేవెళ్ల'లో 'ళ్ల' ఉంది. బస్సు బోర్డు మీద ఎన్నోసార్లు చూసిన పదంలో కొత్త ఒత్తు నేర్పితే తొందరగా పడుతుంది.

మూడోది, పుస్తకాల భాష. చేవెళ్ల ప్రాంతంలో మాట్లాడే తెలుగుకూ వాచకంలో తెలుగుకూ తేడా ఉంది. దీనికి మంచి ఉపాయం ఒకటుంది. నేర్చుకునేవారు చెప్పే నాలుగు వాక్యాలను వాళ్లు చెప్పినట్టే రాయండి. 'పొద్దుగాల లేస్త. పత్తి ఏరనీకి పోత.' తర్వాత అదే వాళ్లతో చదివించండి. తమ మాటే కాగితం మీద కనిపిస్తుంది కాబట్టి తర్వాతి పదం ఏంటో ఊహించగలుగుతారు. 'లేస్తాను, వెళ్తాను' అని దిద్దొద్దు. పుస్తక భాష చదవడం తర్వాత అలవాటవుతుంది.

ముందు కళ్లు, తర్వాత చెయ్యి

40 దాటినవారిలో చాలామందికి దగ్గరి చూపు మందగిస్తుంది. అక్షరం గుర్తులేదని మనం అనుకుంటాం, అసలు అక్షరమే సరిగా కనపడదు. మొదటి వారంలోనే కంటి పరీక్ష చేయించండి. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు కార్యక్రమంలో, 2023 జనవరిలో మొదలైన రెండో విడతలో తెలంగాణలో చాలామందికి ఉచితంగా అద్దాలు ఇచ్చారు. ఇంట్లో ఏ పెట్టెలోనో ఉండిపోయాయేమో అడగండి. అచ్చు పెద్దగా ఉండాలి, వెలుతురు చాలినంత ఉండాలి.

కొడవలి, పార పట్టిన చేతికి సన్నటి పెన్ను కొత్త. పలక, లావు బలపం, వెడల్పు గీతల నోట్‌బుక్‌తో మొదలుపెట్టండి. మొదటి లక్ష్యం సొంత పేరు. సంతకం వచ్చిన రోజు చాలామంది ఆగిపోయే ప్రమాదం ఉంది. సంతకం పెట్టడం వస్తే చదువు వచ్చినట్టు కాదు. చదవకుండా సంతకం పెడితే వేలిముద్ర కంటే అది ఇంకా ప్రమాదం అని కూడా చెప్పాలి.

లెక్కలు వాళ్లకు వచ్చు, రాయడమే రాదు

సంతలో చిల్లర లెక్క ఎవరికంటే తక్కువ కాకుండా చేస్తారు. కాబట్టి '1, 2, 3' అని సున్నా నుంచి మొదలుపెట్టడం అవమానంగా అనిపించొచ్చు. నోట్లతో, ఫోన్ నంబరుతో, కరెంటు బిల్లుతో మొదలుపెట్టండి.

ఈ ప్రాంతంలో అన్నిటికంటే విలువైన లెక్క భూమిది. ఎకరానికి 40 గుంటలు. పాస్‌బుక్‌లో 2-20 అని ఉంటే రెండు ఎకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. మనం బడిలో నేర్చుకున్న దశాంశ లెక్కలో 2.20 అంటే అది కాదు. ఈ తేడా తెలిసిన మనిషి తన భూమి విస్తీర్ణం తానే సరిచూసుకోగలడు. 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చి రికార్డులు కంప్యూటర్‌లోకి వెళ్లాయి. రికార్డు ఆన్‌లైన్‌లో ఉన్నా, చదవడం రానివారికి మధ్యవర్తి అవసరం తప్పడం లేదు.

పాస్‌బుక్, బ్యాంకు కాగితాలు పాఠంగా వాడేటప్పుడు ఒక జాగ్రత్త. వాటిని మీ ఫోన్‌లో ఫొటో తీయొద్దు. పిన్, ఓటీపీ మీరు అడగొద్దు, ఎవరు అడిగినా చెప్పొద్దని మొదటి పాఠంలోనే చెప్పండి.

ఎలా మాట్లాడాలి?

'ఈ వయసుల నాకు సదువెందుకు బిడ్డా?' ఇది దాదాపు అందరూ అనే మాట. దీనికి ఉపన్యాసం పనిచేయదు. 'పెద్దమ్మా, నీకు చదవొస్తే ముందుగా ఏం చదవాలని ఉంది?' అని అడగండి. ఒకరికి బస్సు బోర్డు, ఒకరికి మనవడి ప్రోగ్రెస్ కార్డు, ఒకరికి సంఘం పుస్తకం. ఆ జవాబే మీ మొదటి పాఠం.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. టికెట్ డబ్బులు అడ్డు కానప్పుడు ఒంటరిగా వెళ్లడానికి మిగిలిన అడ్డు బోర్డు చదవడమే. కొద్ది వారాల్లోనే ఫలితం కనిపించే పాఠం ఇది.

తప్పు చదివితే వెంటనే అందుకోవద్దు. మనసులో ఐదు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే 'ఈ మొదటి ముక్క ఏంటక్కా?' అని అడగండి. 'నిన్ననే చెప్పాను కదా' అనే మాట వాడొద్దు. పిల్లల ముందు, ఇంటాయన ముందు పరీక్షలు పెట్టొద్దు. మీ ఇంట్లో పనిచేసే అక్కకు నేర్పుతుంటే, చదువుకునే గంటను పని గంటలో కోతగానో, సాయం చేసినట్టుగానో చూపొద్దు. ఆ గంట ఆమె కూర్చునేది కింద కాదు, మీతో సమానంగా బల్ల దగ్గర.

ఒక గంటను ఇలా పంచుకోవచ్చు. మొదటి 10 నిమిషాలు నిన్నటిది చదవడం. 20 నిమిషాలు కొత్త పదం, దాని ముక్కలు. 15 నిమిషాలు రాయడం. 10 నిమిషాలు లెక్క. చివరి 5 నిమిషాలు వాళ్లకు కచ్చితంగా వచ్చిన వాక్యం చదివించి ముగించడం. రాని దగ్గర ఆపితే మర్నాడు రావడానికి మనసొప్పదు.

వాయిస్ మెసేజ్ ఉండగా చదువు అవసరమా?

ఇప్పుడు చదవడం రానివారు కూడా వాట్సాప్‌లో వాయిస్ పంపుతున్నారు, యూట్యూబ్‌లో మాటతో వెతుకుతున్నారు, కిరాణా కొట్టులో స్పీకర్ విని డబ్బు పడిందని తెలుసుకుంటున్నారు. అందుకే నిరక్షరాస్యత మునుపటిలా బయటికి కనపడటం లేదు. కానీ ఫోన్ చదివి వినిపించేది ఫోన్‌కు ఇచ్చిందే. అప్పు పత్రం, గేటు దగ్గరి కాంట్రాక్టు కాగితం, మందు చీటీ, పురుగుమందు డబ్బా మీది హెచ్చరిక ఎవరూ చదివి వినిపించరు.

చదువు ఏం చేయగలదో చూపిన ఉదాహరణ నెల్లూరు జిల్లాలో ఉంది. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో మహిళలు చదివిన పాఠాల్లో సారా వల్ల చితికిపోయిన కుటుంబం కథ ఒకటి. దూబగుంటలో ఆ చర్చ సారా దుకాణాన్ని మూయించే దాకా వెళ్లింది. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధానికి దారితీసింది. అక్కడ పనిచేసింది అక్షరాలు మాత్రమే కాదు, పాఠం తమ జీవితం గురించే కావడం.

మొదలుపెట్టాలంటే

ఉల్లాస్ యాప్‌లో స్వచ్ఛంద బోధకులుగా పేరు నమోదు చేసుకోండి. మీ చుట్టూ ఎవరికి చదవాలని ఉందో అడగండి. వాచ్‌మన్ కుటుంబం, ఇంటి పని చేసేవాళ్లు, ఊళ్లోని సొంత నాయనమ్మ. ఒకరితోనే మొదలుపెట్టండి. వారి పేరూ నమోదు చేస్తే పరీక్ష, సర్టిఫికెట్ అందుతాయి. పరీక్ష అయ్యాక కూడా రోజుకు పది నిమిషాలు చదివే అలవాటు ఉండాలి. గతంలో అక్షరాస్యులుగా లెక్కలోకి ఎక్కినవారు సాధన లేక మళ్లీ మర్చిపోవడం అన్ని ఉద్యమాల్లోనూ కనిపించిన సమస్య.

పథకం ప్రస్తుత గడువు 2027 మార్చితో ముగుస్తుంది. 2024 జూన్‌లో లద్దాఖ్, 2025లో మిజోరం, గోవా, త్రిపుర పూర్తి అక్షరాస్యత సాధించినట్టు ప్రకటించుకున్నాయి. ఈ ప్రకటనకు కొలమానం 95 శాతం. 76.9 శాతం దగ్గరున్న తెలంగాణకు, 72.6 శాతం దగ్గరున్న ఆంధ్రప్రదేశ్‌కు అది దూరమే. మనిషికి రూ.208తో ఆ దూరం తగ్గించాలంటే ప్రభుత్వం బోధకులకు శిక్షణ, పుస్తకాలు, ఊళ్లో కూర్చునే చోటు అయినా సరిగా ఇవ్వాలి. ఆ 200 గంటలు మాత్రం ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఇవ్వాల్సిందే.